సాగర్‌లో జెట్టీ కట్టేటప్పుడు కింద చేపకూ చోటు చూడండి

జెట్టీ అంటే పడవ ఎక్కి దిగే వేదిక. దాని కింద జీవాలు కూడా బతికేలా సముద్రంలో కట్టే లెక్కలు మన నాగార్జునసాగర్, సోమశిల లాంటి జలాశయాలకు యథాతథంగా పనికిరావు. సముద్రంలో స్తంభాలకు గరుకు పెడితే ఆల్చిప్పలు పట్టుకుంటాయి, ఆటుపోట్లకు రోజూ తడుస్తుంటాయి. సాగర్ నిండు మట్టం 590 అడుగులు, నీళ్లు రాని ఏడు 510 దాకా దిగుతుంది. ఎనభై అడుగుల తేడా! ఒడ్డున కాంక్రీటు స్తంభానికి పట్టిన పాకుడూ నత్తలూ నీళ్లు దిగగానే ఎండకు మాడిపోతాయి. అందుకే ఇక్కడ జీవం పట్టే భాగమంతా నీటితోపాటు దిగాలి. అంటే తేలే జెట్టీ, దాని కింద వేలాడే వెదురు.

ముందు ఒడ్డు చూసుకోండి. వాలు ఇరవైకి ఒకటి ఉంటే నీళ్లు ఒక్క అడుగు దిగితే అంచు 20 అడుగులు వెనక్కి పోతుంది, జెట్టీ బురదలో కూర్చుంటుంది. నిటారు ఒడ్డే మేలు. 40 అడుగుల నడకవంతెన వేస్తే పది అడుగుల దిగుడు వరకు సరిపోతుంది, ఆ పైన పెద్దవాళ్లు దిగలేరు. అప్పుడు జెట్టీని లోపలికి జరపాల్సిందే. లంగరు తాడు పొట్టిదైతే వరద వచ్చిన రోజు జెట్టీ మూల నీళ్లలో మునుగుతుంది. మరీ వదులుగా ఉంటే గొలుసు అడుగును గీరి గుడ్లనూ మొక్కలనూ చెరిపేస్తుంది. తాడు మధ్యలో చిన్న బోయా (నీటిలో తేలే బుంగ) కడితే గొలుసు అడుగుకు తగలదు.

పైన పలకలకు బదులు మధ్యలో రెండడుగుల వెడల్పున జాలీ వేయండి. వెలుతురు దిగితేనే పాకుడు పెరుగుతుంది, రవ్వ లాంటి చేపలకు అదే మేత. అమెరికాలో సియాటెల్ తీరపు గోడ పక్క నడకదారిలో గాజు పొదిగింది కూడా సాల్మన్ పిల్లలు చీకటి నీడకు ఆగిపోకుండా ఉండాలనే. అయితే మన ఎండకు పూర్తి వెలుతురూ వద్దు, అంచుల్లో నీడ ఉండనివ్వండి. జెట్టీ ఉత్తర-దక్షిణంగా ఉంటే నీడ ఒకేచోట నిలవదు.

ఇక వెదురు కట్టలు. ఐదడుగుల ముక్కలు ఎనిమిది తీసుకుని నిలువునా చీల్చండి. చీల్చకపోతే కణుపుల్లో గాలి నిలిచి కట్ట పైకి తేలుతుంది, పది కిలోల రాయి కట్టినా మునగదు. ఇది చాలామంది చేసే పొరపాటు. చీల్చిన ముక్కల్ని కొబ్బరిపీచు తాడుతో వదులుగా కట్టి, మధ్యలో పిడికిలి దూరేంత సందు వదలండి, పిల్లచేపలు అందులోనే దాక్కుంటాయి. కట్టకు ఒక రాయి వేలాడదీయండి. వేలాడే తాడు మాత్రం లావు నైలాన్‌ది ఉండాలి, పీచు తాడైతే నానీ నానీ తెగిపోతుంది. కట్ట తల నీటికి రెండు మూడడుగుల కిందనే ఉండాలి, వానాకాలపు మడ్డి నీళ్లలో అంతకు లోతున వెలుతురు చేరదు. లాంచీ ఆగే వైపు ఒక్క కట్టా వద్దు, లాంచీని నడిపే ఫ్యానుకు చుట్టుకుంటుంది. చిరిగిన వలలు కూడా వద్దు, అవి చేపను పట్టి వదలవు.

తేలడానికి బయట పూత లేని థర్మాకోల్ పెట్టొద్దు, విరిగి పూసలై నీళ్లంతా తిరుగుతుంది. తారు, రాగి మందు పూసిన కట్టె, పడవలకు నాచు పట్టకుండా వేసే రంగులు అసలే వద్దు. సాగర్ నుంచి పుట్టంగండి దగ్గర ఎత్తిపోసే ఈ కృష్ణ నీళ్లను హైదరాబాద్ కూడా తాగుతోంది. కాంక్రీటు దిమ్మెలు వాడితే బయటే 28 రోజులు తడిపి ఆరబెట్టాక దింపండి, పచ్చి సిమెంటు ఘాటు నీటికి పాకుతుంది. రాత్రి దీపాలకు పైన కప్పు పెట్టి నడకదారి వైపే వంచండి.

కట్టలను ఏడాదికోసారి, మే నెలలో చూడండి. కుళ్లినవి మార్చండి, మిగతావి గీకొద్దు. వానలు పడ్డాక ముట్టుకోవద్దు, అప్పుడు చేపలు గుడ్లు పెట్టే కాలం.