గోబర్ గ్యాసు శుద్ధి – 3: తుప్పు పట్టించిన కొబ్బరి పీచు

కిందటి పాఠంలో గొట్టంలో చేరే నీటిని దించే ఏర్పాటు చేసుకున్నాం. ఈసారి కుళ్లిన గుడ్ల వాసన సంగతి చూద్దాం. ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. పేడ గ్యాసులో 55 నుంచి 65 శాతం మీథేన్ అయితే దీని పాలు సాధారణంగా ఒక శాతం కూడా ఉండదు. అయినా బర్నరును తినేసేది, ఇంజను ఆయిలును పాడుచేసేది ఇదే.

దీన్ని పట్టేది తుప్పు. అందుకే కొబ్బరి పీచుకు తుప్పు అంటించి, గ్యాసును అందులోంచి పంపి వడపోస్తాం. సామాను తుప్పు పడితే బాధపడే మనం ఈ వారమంతా తుప్పు కోసం ఎదురుచూడాలి! తడి తుప్పులోని ఐరన్ ఆక్సైడ్ ఈ వాయువుతో కలిసి నల్లని ఐరన్ సల్ఫైడ్ అవుతుంది. లెక్క ప్రకారం కిలో ఆక్సైడ్ 640 గ్రాముల హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పట్టాలి. ఇంట్లో చేసుకున్న వడపోతకు అందులో చిన్న వంతు దక్కినా సంతోషమే.

మరి పీచు ఎందుకు? ఉత్త తుప్పు నింపితే గడ్డకట్టి గ్యాసుకు దారి ఉండదు. తేలే డ్రమ్ము ప్లాంటులో (పేడనీళ్లపై తేలే డ్రమ్ములో గ్యాసు నిలిచే రకం) ఒత్తిడి సుమారు 10 సెంటీమీటర్ల ఎత్తు నీరు కలిగించే పాటిదే. అంత తక్కువ ఒత్తిడితో గ్యాసు సాగాలంటే లోపల ఖాళీలు ఉండాలి, తుప్పు అంటుకోవడానికి చోటూ ఉండాలి. వరి ఊక వాడేవారూ ఉన్నారు కానీ నాకు అది నచ్చదు. సిలికా పొర వల్ల తడిని తొందరగా పట్టదు. కోనసీమ వారికి పీచుకు కొదవ లేదు. దొరకని చోట ఎండిన మొక్కజొన్న కండెలను ముక్కలు కొట్టి వాడండి.

లేత్ వర్కుషాపులో ఇనుప రజను అడిగి తెచ్చుకోండి. నూనె జిడ్డు ఉంటే తుప్పు పట్టదు, సబ్బునీటితో కడగండి. తడి పీచులో కలిపి, ఉప్పునీళ్లు చల్లి, నీడలో పరచి రోజూ తిరగేయండి. ఇటుక రంగు వచ్చాక గుప్పెడు సున్నం కలపండి. కాస్త క్షారగుణం ఉంటే పని బాగా జరుగుతుంది. నాలుగంగుళాల పీవీసీ గొట్టంలో వదులుగా నింపి, గ్యాసును కింది నుంచి పైకి పంపండి. మధ్యలో పారదర్శకమైన ముక్క ఒకటి అతికిస్తే పీచు ఎంతవరకు నల్లబడిందో కనిపిస్తుంది.

వాసన రావడం లేదని ముక్కును నమ్మకండి. ఈ విషవాయువు మోతాదు పెరిగితే వాసన పట్టే శక్తే పోతుంది. పీచు నల్లబడ్డాక వాల్వు కట్టేసి, నిప్పుకు దూరంగా, ఆరుబయటే విప్పండి. గాలి తగిలితే అది వేడెక్కుతుంది. కుప్పగా వదిలితే అంటుకోవచ్చు. పలుచగా పరచి నీళ్లు చల్లుతూ ఉంటే మళ్లీ ఎర్రబడుతుంది. గంధకం మాత్రం పీచులోనే మిగులుతుంది కాబట్టి కొన్ని విడతల తరువాత కొత్తది నింపాల్సిందే.

వచ్చే పాఠం: కార్బన్ డయాక్సైడ్‌ను నీటితో కడగడం.