చోడి అంబలి పాడవకుండా ఇలా చేశాను
ఆమదాలవలసలో మా ఇంట్లో ఎండాకాలం అంటే చోడి (రాగి) అంబలే. ఈ ఏప్రిల్‌లో మాత్రం రాత్రి నానబెట్టిన పిండి తెల్లారేసరికి తీగలు సాగింది, కుళ్లు వాసన. పారబోశాను. రెండోసారీ అంతే. చిన్నోడికి పెట్టాలంటే టెన్షన్.

ప్లాస్టిక్ డబ్బా మానేసి, కుండను మరిగే నీళ్లతో కడిగి ఎండలో ఆరబెట్టాను. కాచి చల్లార్చిన నీళ్లే పోశాను. అత్తమ్మ పక్కింటి నుంచి పులిసిన పిండి గరిటెడు తెచ్చి కలిపింది. అసలు మందు అదే. అందులోని లాక్టిక్ బ్యాక్టీరియా త్వరగా పులుపెక్కిస్తే చెడ్డ సూక్ష్మజీవులు పెరగడం కష్టం. తెల్లారి చూస్తే సన్నటి బుడగలు, మజ్జిగలాంటి కమ్మటి పులుపు వాసన! నూక ఉడికాక ఆ పిండి పోసి, తెర్లేదాకా కాశాను.

100 గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పులిస్తే ఇనుమును ఒంటబట్టనివ్వని ఫైటేట్లనే పదార్థాలు తగ్గి ఇనుము కూడా బాగా ఒంటబడుతుంది. అలాంటిదాన్ని వదులుకోబుద్ధి కాలేదు. ఇప్పుడు రోజూ గరిటెడు పిండి మర్నాటికి తీసిపెడుతున్నాను.