పాత త్రీ నాట్ త్రీ రైఫిల్‌ను మార్చాలా, ఉన్నదున్నట్టు ఉంచాలా?

మన ఊళ్లలో త్రీ నాట్ త్రీ అనగానే చాలామందికి పోలీసు కానిస్టేబుల్ భుజాన వేలాడిన బరువైన తుపాకీ గుర్తుకు వస్తుంది. షార్ట్ మ్యాగజైన్ లీ-ఎన్‌ఫీల్డ్ అనే ఆ రైఫిల్ మార్క్ 3 రూపం 1907లో వచ్చింది. ఇంగ్లండ్‌లోనే కాక ఆస్ట్రేలియాలోని లిత్‌గోలోనూ, కలకత్తా దగ్గరి ఇషాపూర్‌లోనూ అది తయారైంది. నేను ఉంటున్న అమెరికాలో ఇలాంటి రైఫిల్‌ను కొన్నవారికి మొదట తట్టే ఆలోచన దాని పొడవాటి కర్రను కోసి, టెలిస్కోప్ బిగించి, వేట తుపాకీలా తీర్చిదిద్దడం. ఇంతవరకు ఎవరూ కోయని రైఫిల్‌ను మీరూ కోయకండి, ఇదివరకే కోసేసిన దానిమీద మాత్రం మీకు స్వేచ్ఛ ఉంది. మీ చేతిలో ఉన్నది ఈ రెండింటిలో ఏదో తేల్చుకున్న తరువాతే పనిముట్లు బయటికి తీయండి.

ముందుగా మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీసి, బోల్ట్ (తూటాను లోపలికి నెట్టే పిడి ఉన్న ఉక్కు కడ్డీ) వెనక్కి లాగి, ఛాంబర్‌లో (పేలే ముందు తూటా కూర్చునే గదిలో) తూటా లేదని కంటితోనూ వేలితోనూ నిర్ధారించుకోండి. ఆ తరువాత మడమ (భుజానికి ఆనే వెనుక కర్ర) మొదలయ్యే చోట, కుడివైపు ఉన్న ఇనుప పట్టీని వెలుతురులో చూడండి. కిరీటం గుర్తు, తయారీ సంస్థ, సంవత్సరం, నమూనా పేరు అక్కడే ఉంటాయి. నమూనా పేరు పక్కన నక్షత్రం ఉంటే అది మొదటి ప్రపంచ యుద్ధకాలంలో పని తగ్గించడానికి కొన్ని భాగాలను వదిలేసిన రకం. మ్యాగజైన్‌ను మూసే పలక, దూరపు గురి కోసం పక్కన ఉండే సైట్లు (గురిచూసే అమరికలు) దానికి ఉండకపోవడం లోపం కాదు. వాటిని ఎక్కడినుంచో తెచ్చి తగిలించడం కూడా అసలు రూపాన్ని మార్చడమే అవుతుంది.

తరువాత నంబర్లు సరిపోల్చండి. బోల్ట్ పిడి వెనుక, రిసీవర్ (బోల్ట్ కదిలే ఉక్కు చట్రం) మీద, బ్యారెల్ (గొట్టం) మీద, ముందు ఇనుప తొడుగు మీద, కర్ర అడుగున ఒకే నంబరు కనిపిస్తే ఆ రైఫిల్ చాలా అరుదైన స్థితిలో ఉన్నట్టు. నంబర్లు కలవకపోయినా నిరాశ పడనక్కరలేదు. సైనిక కర్మాగారాల్లో మరమ్మతుకు వెళ్లివచ్చిన రైఫిళ్లలో భాగాలు మారడం మామూలే. ఇషాపూర్ రైఫిళ్లలో మ్యాగజైన్‌కు కాస్త ముందు కర్రకు అడ్డంగా ఒక బలపు స్క్రూ కనిపిస్తుంది, కొన్నింటికి లోహం మీద నల్లని పెయింట్ కూడా ఉంటుంది. ఇది ఎవరో ఇంట్లో పూసిన రంగు అనుకుని గీకేసేవారిని చూశాను. అది సైన్యం చేసిన పని, ఆ రైఫిల్ చరిత్రలో భాగం.

ఇదివరకే కోసిన రైఫిల్ అయితే మూడు సంగతులు చూడండి. బ్యారెల్ 25.2 అంగుళాలు పూర్తిగా ఉందా, రిసీవర్‌కు కొత్త రంధ్రాలు తొలిచారా, తూటాల క్లిప్పు నిలబెట్టే వంతెన లాంటి భాగాన్ని అరగదీశారా? మూడూ క్షేమంగా ఉంటే పాత కర్ర, తొడుగులు వెతికి తెచ్చి దాన్ని మళ్లీ సైనిక రూపానికి తేవచ్చు. వంతెన పోయిందంటే ఆ ఖర్చుకు అర్థం లేదు, అలాంటి దాన్ని మీకు నచ్చినట్టు వేట తుపాకీగా దిద్దుకోండి.

కొత్త కర్ర బిగించడం మాత్రం తేలిక అనుకోకండి. పేలినప్పుడు వచ్చే వెనుదెబ్బను కర్ర వెనుక భాగం రిసీవర్‌కు సమంగా ఆనుకుని భరించాలి. అక్కడ సందు ఉంటే గురి చెదురుతుంది, కొన్నాళ్లకు కర్ర పగులుతుంది. ఈ పని తెలిసిన గన్‌స్మిత్‌కే (తుపాకులు బాగుచేసే పనివాడికే) అప్పగించండి.

విప్పే వరుస గురించి నా అనుభవం చెప్పాలి. నా మొదటి రైఫిల్ 1942 నాటి ఇషాపూర్. మడమను శుభ్రం చేద్దామని అడుగు మూత తెరిచి, లోపలి గుడ్డ ఉండను తీసి, మడమను రిసీవర్‌కు బిగించి ఉంచే లోపలి బోల్ట్‌ను పొడవాటి స్క్రూడ్రైవర్‌తో తిప్పాను. మొదటి చుట్టు పూర్తి కాకముందే ముందు కర్ర నుంచి టప్పుమని చప్పుడు వచ్చింది. ఆ బోల్ట్ కొస చతురస్రంగా ఉండి, ముందు కర్రలోని చిన్న పలకలో ఇరుక్కుని ఉంటుందని నాకు అప్పటికి తెలియదు. ముందు కర్రను పూర్తిగా తీసిన తరువాతే మడమ బోల్ట్‌ను తిప్పాలి. పగిలిన ముందు కర్రను జిగురుతో అతికించాను గాని, వేలు పెడితే ఆ గీత ఇప్పటికీ తగులుతుంది.

శుభ్రం చేయడంలోనూ ఇదే నిదానం కావాలి. ఉప్పు కాగితం, వార్నిష్, మెరుగు యంత్రం దగ్గరికి రానీయకండి. కర్ర మీది ముద్రలు ఒకసారి అరిగితే తిరిగి రావు. గుడ్డతో తుడిచి, పచ్చి అవిసె నూనె పలుచగా రాసి ఆరనిస్తే చాలు. పాత సైనిక తూటాలు కాల్చితే గొట్టంలో ఉప్పు చేరుతుంది, దాన్ని నూనె కడగలేదు. అందువల్ల వేడినీళ్లతో కడిగి, బాగా ఆరబెట్టి, అప్పుడు నూనె పట్టించాలి. భుజానికి దెబ్బ ఎక్కువైతే మడమకు తొడిగే రబ్బరు తొడుగు, తోలు పట్టీ వంటి మళ్లీ తీసేయగలిగిన ఏర్పాట్లు చేసుకోండి.

చట్టం మాట కూడా మరవకూడదు. అమెరికాలో రైఫిల్ బ్యారెల్‌ను 16 అంగుళాలకన్నా తక్కువకు కోయడానికి ముందుగా ప్రత్యేక అనుమతి కావాలి. భారతదేశంలో .303 నిషిద్ధ బోరు (సామాన్యులకు మామూలుగా లైసెన్సు ఇవ్వని తూటా పరిమాణం) కిందికి వస్తుంది. తాతల నాటి మరేదైనా లైసెన్సు తుపాకీ ఇంట్లో ఉన్నా, 1959 ఆయుధాల చట్టం ప్రకారం దాని గొట్టాన్ని అనుమతి లేకుండా పొట్టి చేయడమూ, దానిపై ఉన్న గుర్తులను చెరపడమూ నేరం. నంబరును చెరపడం అమెరికాలోనూ నేరమే.

పని మొదలుపెట్టేముందు అన్ని వైపులా ఫోటోలు తీయండి. విప్పిన ప్రతి స్క్రూను, ప్రతి పట్టీని ఎక్కడిదో చీటీ రాసి ఒకే సంచీలో వేయండి. రైఫిల్ చేతులు మారే రోజున ఆ సంచీ కూడా దానితోపాటే వెళ్లాలి.