తోటి విద్యార్థికి లెక్క వివరించేటప్పుడు ప్రమాణాలు రాయించండి

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలోనో, హాస్టల్ స్టడీ అవర్‌లోనో తోటి ఇంటర్ విద్యార్థి రసాయనశాస్త్రంలో సందేహం అడిగినప్పుడు, కలం మీరు అందుకోకుండా వారి చేతిలోనే ఉంచి, ఇచ్చిన ప్రతి విలువ పక్కన దాని ప్రమాణాన్ని (గ్రాములు, లీటర్లు వంటి యూనిట్‌ను) రాయించండి.

ఉదాహరణకు, 4.9 గ్రాముల సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉన్న 250 మిల్లీలీటర్ల ద్రావణం మొలారిటీ (లీటరు ద్రావణంలో ఉండే మోల్‌ల సంఖ్య) ఎంత అన్న ప్రశ్నలో, అణుభారం 98 కనుక 0.05 మోల్‌లు అని సరిగానే కనుగొన్నవారు కూడా, దానిని 0.25 లీటర్లతో కాక నేరుగా 250తో భాగించి 0.0002 అని రాసేస్తుంటారు. మోల్‌లు, మిల్లీలీటర్లు పక్కపక్కన కనబడితే మొలారిటీకి లీటర్లు కావాలన్న సంగతి వారికే స్ఫురిస్తుంది; జవాబు 0.2 మొలార్ అని మీరు చెప్పవలసిన అవసరమే రాదు. ఇలా తామే పట్టుకున్న పొరపాటు పరీక్షలో మళ్లీ దొర్లడం అరుదని నా గట్టి నమ్మకం.

గణితంలో చాలా లెక్కలకు ప్రమాణాలు ఉండవు కనుక, అక్కడ ప్రతి మెట్టుకూ కారణం రాయించాలి. నిశ్చిత సమాకలనంలో (డెఫినిట్ ఇంటిగ్రల్‌లో) x²+1ని u అనుకున్నప్పుడు 0, 2 అనే అవధులు 1, 5గా మారాలన్నది ఎక్కువగా మరచిపోయే విషయం. అది కుదిరాక, అదే తరహా మరొక లెక్కను మీ సాయం లేకుండా చేయించండి.