డ్రాగన్ మీదికి వెళ్లే ఫైటర్‌ని ఎలా తయారు చేసుకోవాలి

టేబుల్ చుట్టూ కూర్చుని డైస్ వేస్తూ పాత్రలు నడిపే ఆట డన్జన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఫైటర్ (ఆయుధాలతో పోరాడే పాత్ర) అనగానే చాలామంది ప్లేట్ ఆర్మర్, రెండు చేతులతో పట్టే గ్రేట్‌సోర్డ్ తీసుకుంటారు. నేనూ అదే తీసుకుని 15వ లెవెల్‌లో ఒక అడల్ట్ రెడ్ డ్రాగన్ మీదికి వెళ్లాను. అది మంట ఊదింది. తప్పించుకోడానికి ఇరవై ముఖాల డైస్‌తో సేవింగ్ త్రో వేస్తే నాకు 20 పడింది, టేబుల్ చుట్టూ ఉన్నవాళ్లంతా కేకలేశారు, కానీ నా డెక్స్టెరిటీ (చురుకుదనం) 10, దాంతో డైస్‌కి కలిసే బోనస్ సున్నా, ఆ మంట నుంచి సగమైనా తప్పించుకోవాలంటే 21 రావాలి. ఇక్కడ చెప్పేవన్నీ ఐదో ఎడిషన్ 2014 రూల్స్ ప్రకారమే, వాటిలో సేవింగ్ త్రోకి 20 పడినంత మాత్రాన గెలిచినట్టు కాదు. ఆరు ముఖాల డైస్ 18, సగటున 63 డ్యామేజ్, ప్రతిసారీ పూర్తిగా నా మీదే. పైగా అది కిందికి దిగనే లేదు.

అందుకే ముందు బతకడం, తర్వాత దూరం నుంచి కొట్టగలగడం, కత్తి ఆఖర్న. ఈ వరసలోనే ఆలోచించండి.

నా ఓటు విల్లు పట్టిన సమురాయ్‌కి, ఇది ఫైటర్‌లో ఒక రకం. డెక్స్టెరిటీ 17తో మొదలుపెట్టి రెజిలియంట్ అనే ఫీట్ (అదనపు నైపుణ్యం) డెక్స్టెరిటీకే తీసుకుంటే అది 18 అవుతుంది, ఆ సేవింగ్ త్రోకి ప్రొఫిషియన్సీ (లెవెల్‌తో పెరిగే బోనస్) కూడా వస్తుంది. తర్వాత పాయింట్లు పెట్టి 20 చేయండి. 15వ లెవెల్‌లో సేవ్ బోనస్ 10, క్లోక్ ఆఫ్ ప్రొటెక్షన్ వేసుకుంటే 11, అంటే డైస్ మీద 10 పడితే చాలు. రెజిలియంట్ ఒక్కసారే తీసుకోగలం కాబట్టి భయాన్ని తట్టుకునే విజ్డమ్ సేవ్ సంగతేంటని అడుగుతారేమో, సమురాయ్‌కి 7వ లెవెల్‌లో ఆ ప్రొఫిషియన్సీ దానంతటదే వస్తుంది. ఇది చిన్న విషయం కాదు. డ్రాగన్‌ని చూసి భయపడ్డారంటే దాని వైపు ఒక్క అడుగు కూడా వేయలేరు, ఇక కత్తి పట్టినవాడి పని అయిపోయినట్టే. విలుకాడైతే నిలబడ్డ చోటు నుంచే కొడతాడు. అటాక్‌లకి డిసడ్వాంటేజ్ (రెండు డైస్ వేసి తక్కువది తీసుకోవడం) ఉంటుంది, నిజమే, కానీ సమురాయ్‌కి ఉండే ఫైటింగ్ స్పిరిట్ వాడితే వచ్చే అడ్వాంటేజ్ (రెండింటిలో ఎక్కువది తీసుకోవడం) దాన్ని కొట్టేస్తుంది.

ఇక షార్ప్‌షూటర్ ఫీట్ తప్పనిసరి. లాంగ్‌బో 150 అడుగులు దాటితే వచ్చే డిసడ్వాంటేజ్ పోతుంది, 600 అడుగుల దాకా హాయిగా వేయొచ్చు. గురిలో 5 తగ్గించుకుని డ్యామేజ్‌కి 10 కలుపుకునే సౌకర్యం కూడా ఉంది. లెక్క చూడండి: డెక్స్టెరిటీ, ప్రొఫిషియన్సీలకి ఆర్చరీ స్టైల్, ప్లస్ 1 విల్లు కలిపి అటాక్ బోనస్ 13, అయిదు తీసేస్తే 8. డ్రాగన్ ఆర్మర్ క్లాస్ (బాణం తగలాలంటే చేరాల్సిన అంకె) 19 కాబట్టి సగం బాణాలు తగులుతాయి, ఫైటింగ్ స్పిరిట్ వేస్తే నాలుగింట మూడు. రెండోసారి కూడా దాడి చేయనిచ్చే యాక్షన్ సర్జ్‌తో ఒకే టర్న్‌లో ఆరు బాణాలు, సగటున 90 పైమాట. డ్రాగన్ హిట్ పాయింట్లు (ప్రాణబలం) 256. మొదటి టర్న్‌లోనే మూడో వంతు ఊడిపోతుంది!

ఆర్మర్ విషయంలో డ్రాగన్ స్కేల్ మెయిల్ దొరికితే వదలొద్దు, కానీ రంగు చూసుకోండి, రెడ్, గోల్డ్, బ్రాస్ డ్రాగన్ల పొలుసులది మాత్రమే మంటని సగం చేస్తుంది. ఏ రంగుదైనా ఊదేవాటి మీద సేవ్‌లకి అడ్వాంటేజ్ ఇస్తుంది. పైన చెప్పిన సేవ్ కూడా గెలిస్తే 63 కాస్తా 31, ఆపైన 15 అవుతుంది. అది దొరక్కపోతే రెసిస్టెన్స్ పోషన్ చాలు, గంటసేపు పనిచేస్తుంది. క్లోక్, ఈ ఆర్మర్ పోగా మిగిలిన మూడో అట్యూన్‌మెంట్ (మంత్ర వస్తువుతో పాత్రకి ఉండే బంధం) ఎగరనిచ్చే వింగ్డ్ బూట్స్‌కి ఉంచండి. డ్రాగన్ స్లేయర్ కత్తికి అట్యూన్‌మెంట్ అక్కర్లేదు కాబట్టి నడుముకి కట్టుకోండి, గుహ కప్పు తక్కువగా ఉండి డ్రాగన్ నేల మీదే పోరాడాల్సి వస్తే అప్పుడు ఆ కత్తితో పని పడుతుంది.

మీ జట్టులోని క్లెరిక్‌ని (దైవశక్తితో మంత్రాలు వేసే పాత్ర) ముందే అడిగి ఆ రోజు హీరోస్ ఫీస్ట్ మంత్రం వేయించండి. 1,000 బంగారు నాణేల గిన్నె ఖర్చవుతుంది, తినడానికే గంట పడుతుంది, కానీ ఆ తర్వాత 24 గంటలు భయమన్నదే అంటదు.

నిలబడే చోటు కూడా ముఖ్యమే. రెడ్ డ్రాగన్ ఒక టర్న్‌లో 80 అడుగులు ఎగిరి 60 అడుగుల మంట ఊదగలదు, అంటే మొదట్లో కనీసం 140 అడుగుల అవతల ఉండాలి. ఆ మంట చివర్లో 60 అడుగుల వెడల్పు ఉంటుంది, అందుకని మీ క్లెరిక్‌నీ విజార్డ్‌నీ మీ పక్కన నిలబడనివ్వకండి.