గుచ్చుకున్నదల్లా ముళ్ల రెక్కల చేప కాదు

జువాలజీ ల్యాబ్‌లో మొదటి ఏడాది జెల్ల ముల్లు నా బొటనవేలిలో దిగింది. ఆ నొప్పి మీదే రికార్డులో దాన్ని ముళ్ల రెక్కల చేప (అకాంథోప్టెరిజీ అనే గుంపు) అని రాసేశాను. అది తప్పు. ఇప్పుడు పిల్లల చేతికి చేపనిచ్చే ముందు చెబుతాను: ముల్లు గుచ్చుకుందా అని కాదు, ఎలా తయారైందో చూడండి.

మొదట నైలు తిలాపియా తీసుకోండి. తల ఎడమవైపు ఉండేలా ట్రేలో పెట్టి, వీపు రెక్కను సూదితో ఎత్తి వెలుతురుకు పట్టండి. ముందువైపు 15 నుంచి 18 ముళ్లుంటాయి. లెన్స్‌లో ప్రతి ముల్లూ ఒకే ముక్కగా కనిపిస్తుంది; అడ్డగీతలుండవు, కొస చీలదు. వెనకున్న మెత్తటి కిరణాలకు, అంటే రెక్కను నిలబెట్టే మెత్తటి పుల్లలకు, వెదురు కణుపుల్లా అడ్డగీతలుంటాయి, చాలావాటి కొసలు చీలి ఉంటాయి. కిరణం మొదలు దగ్గర సూది దూరిస్తే కుడి, ఎడమ సగాలుగా విడిపోతాయి. ఇక్కడ మాత్రం తొందరపడకండి. లెక్క రాసేటప్పుడు ముళ్లను రోమన్ అంకెల్లో, కిరణాలను మామూలు అంకెల్లో వేయండి.

జెల్ల ముల్లు, కామన్ కార్ప్ వీపు మీది రంపపు ముల్లు రెండూ గట్టిపడిన మెత్తటి కిరణాలే. అనుమానం వస్తే చేపను తిరగేయండి. కార్ప్‌కు పొట్ట కింది రెక్కలు బాగా వెనక్కి ఉంటాయి. తిలాపియాకు, పండుగప్పకు అవి రొమ్ము దగ్గరే ఉంటాయి. ఒక్కోదానిలో ఒక ముల్లు, 5 కిరణాలు. నేను ఎక్కువగా నమ్మేది ఈ గుర్తునే.

పండుగప్పను తోక నుంచి తలవైపు నిమిరితే పొలుసులు గరుకుగా తగులుతాయి, కానీ ఈ గుంపులో అన్నిటికీ అలా ఉండవు. కోసి చూస్తే గాలితిత్తి (చేపను నీటిలో తేల్చే సంచి) నుంచి ఆహారనాళానికి గొట్టం ఉండదు.

కొర్రమీను దగ్గర చాలామంది తడబడతారు. దాని రెక్కల్లో ఒక్క ముల్లూ లేదు, అయినా అది ఈ గుంపుదే. దాని బంధువైన అనాబాస్ అనే చేపకు ముళ్లు దండిగా ఉంటాయి. రెండింటికీ మొప్పల పైన గాలి పీల్చే అవయవం ఉంటుంది, అక్కడ వెతకండి.

ముళ్లను బట్టి చేపలను విడదీసినవాడు స్వీడన్ శాస్త్రవేత్త పీటర్ ఆర్టెడి. ఆయన చనిపోయాక 1738లో ఆయన మిత్రుడు, జీవుల వర్గీకరణకు పేరుపడ్డ లిన్నేయస్ ఆ పని అచ్చువేయించాడు. తర్వాత పెర్సిఫార్మిస్ అనే ఒకే క్రమంలో (ఆర్డర్) తిలాపియా, పండుగప్ప, ట్యూనా అన్నీ చేరాయి. డీఎన్‌ఏ చూశాక అది చీలిపోయింది: పండుగప్ప పార చేపలకు, బల్లపరుపు చేపలకు దగ్గరగా వెళ్లింది, తిలాపియా వేరే కొమ్మకు పోయింది. కాబట్టి రికార్డులో క్రమం పేరు పక్కన అది ఏ ఏడాది వర్గీకరణో కూడా రాయండి.