కాలికి షుగర్ పుండు పడితే ఇంట్లో ఎలా చూసుకోవాలి?

షుగర్ ఉన్న మనిషి అరికాలికి పుండు పడితే ఇంటిల్లిపాదీ మాట్లాడుకునేది మందు గురించే. ఏ ఆయింట్‌మెంట్ మంచిది, ఏ యాంటీబయాటిక్ గట్టిది, కట్టు ఎక్కడ బాగా కడతారు అని. తీరా కట్టు కట్టించుకుని, అదే కాలి మీద నడుచుకుంటూ ఇంటికొస్తారు. చాలా ఇళ్లలో పుండు నెలల తరబడి మానకపోవడానికి ఆ నడకే కారణం. స్పర్శ ఉన్నవాళ్లను నొప్పే అడుగు పెట్టనివ్వదు. షుగర్ వల్ల నరాలు దెబ్బతిని స్పర్శ పోయినవాళ్లు పచ్చి పుండు మీద కూడా నిబ్బరంగా నడిచేస్తారు. అందుకే కింద ఎక్కువ చోటు బరువు తీయడానికే ఇచ్చాను. ఇదంతా డాక్టరు చేసే వైద్యానికి తోడుగా ఇంట్లో చేసుకోవాల్సిన పని.

1. స్పర్శ, రక్తం రెండూ చూడండి

స్పర్శ పరీక్షకు పరికరం అక్కర్లేదు. ఇంగ్లండులోని ఇప్స్విచ్‌లో డాక్టర్లు తయారుచేసిన పద్ధతి ఇది. మనిషిని పడుకోబెట్టి కళ్లు మూసుకోమనండి. రెండు కాళ్లకూ బొటనవేలు, నడిమివేలు, చిటికెనవేలు కొసల్ని మీ చూపుడువేలితో ఒకటి రెండు సెకన్లు తేలిగ్గా తాకండి. నొక్కొద్దు, రుద్దొద్దు, గిల్లొద్దు. తాకినప్పుడల్లా కుడో ఎడమో చెప్పమనండి. ఆరింటిలో 2 లేదా అంతకంటే ఎక్కువ చోట్ల తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే.

రక్తప్రసరణ సంగతి ఇంట్లో తేలదు. పాదం చల్లగా ఉండటం, కాస్త నడిస్తే పిక్కలు పట్టేయడం గుర్తులే గానీ, స్పర్శ పోయినవాళ్లకు ఆ నొప్పి కూడా తెలియకపోవచ్చు. డాక్టరు పాదం మీద నాడి చూస్తారు, డాప్లర్ అనే, రక్తప్రవాహాన్ని వినిపించే పరికరంతో చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో పోలుస్తారు. ఆ నిష్పత్తి 0.9 కంటే తక్కువైతే రక్తనాళం ఇరుకైందని అర్థం. షుగర్ వాళ్లలో నాళాలు గట్టిపడి అంకె బాగున్నట్టే కనిపించడం మామూలు కాబట్టి కాలివేలి దగ్గర కూడా కొలవాల్సి రావచ్చు. "వేలు తీసేయాలి" అన్న మాట వచ్చిన రోజున "రక్తం ఎంత వస్తోందో చూశారా? రక్తనాళాల డాక్టరుకు చూపించాలా?" అని అడగడానికి మొహమాటపడకండి. అయితే చీము పైకి పాకుతుంటే రెండో అభిప్రాయం కోసం ఊళ్లు తిరగొద్దు. ముందు దాన్ని ఆపాలి.

2. పుండు మీద బరువు పడనివ్వకండి

రాయవెల్లూరు ఆసుపత్రిలో కుష్ఠు రోగుల చేతులకు, కాళ్లకు వైద్యం చేసిన పాల్ బ్రాండ్ అనే సర్జన్ ఒక సంగతి గట్టిగా చెప్పేవారు. వేళ్లు పోవడానికి కారణం రోగం కండను తినేయడం కాదని, నొప్పి తెలియక మనిషే తన కాలిని అరగదీసుకుంటున్నాడని. పుండున్న కాలికి మోకాలి కింద నుంచి ఒంటికి అతుక్కున్నట్టు పిండికట్టు వేసి ఆయన మాన్పేవారు. 1960ల్లో ఆయన అమెరికా వెళ్లాక అదే కట్టు షుగర్ పాదాలకూ వచ్చింది. అరికాలి పుండుకు ఈనాటికీ అంతర్జాతీయ మార్గదర్శకాలు మొదటి చోటు ఇచ్చేది దీనికే: మోకాలి దాకా ఉండి, ఇంట్లో విప్పడానికి వీల్లేని కట్టు లేదా బూటు. విప్పే వీలుంటే గుమ్మం దాటగానే విప్పి మూల పడేస్తాం కదా, అందుకు.

అందరికీ ఇది వేయరు. చీము బాగా ఉన్నా, రక్తం సరిగా రాకపోయినా ప్రమాదం. అప్పుడు విప్పగలిగే బూటో, పుండున్న చోట గుంట చేసిన చెప్పో, వాకరో ఇస్తారు. మీ డాక్టరు కట్టు గురించే చెప్పి బరువు గురించి ఏమీ చెప్పకపోతే మీరే అడగండి.

ఇక ఇంట్లో చేయాల్సినవి. పొద్దున్నుంచి రాత్రి దాకా ఆ మనిషి ఎందుకెందుకు లేస్తున్నారో ఒకరోజు గమనించండి. నీళ్లకు, రిమోట్‌కు, గేటు తీయడానికి, దేవుడి దగ్గర దీపానికి. వీటిలో సగం వేరేవాళ్లు చేయగలిగినవే. వంటింట్లో నిలబడాల్సిన ఆవిడైతే ఎత్తు స్టూలు వేయండి. స్నానానికి ప్లాస్టిక్ కుర్చీ, కాలికి పాలిథీన్ కవరు, కాలు పక్కనున్న ఇంకో స్టూలు మీద. గొంతుక్కూర్చునే మరుగుదొడ్డిలో ముందరి పాదం మీద బరువంతా పడుతుంది, కమోడ్ కుర్చీ తెచ్చుకోండి. బాసింపట్టు వేసుకుని కూర్చునే అలవాటును మాత్రం ఎవరూ పట్టించుకోరు. నేల ఒరిపిడికి చీలమండ బయటి ఎముక మీద చర్మం మొద్దుబారి, అక్కడే కొత్త పుండు లేస్తుంది. భోజనానికీ పూజకీ కుర్చీయే. మంచం మీదే ఉండేవాళ్లకు పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో తేలేలా చూడండి.

పెద్దవాళ్లు దీనికి ఒప్పుకోరు. "రెండడుగులకేమవుతుంది" అంటారు. ఆ రెండడుగులే రోజుకు వందలవుతాయి.

3. కట్టు మార్చడం, లెక్క చూసుకోవడం

చేతులు సబ్బుతో కడుక్కుని, సెలైన్‌తో పుండును శుభ్రం చేసి, చుట్టూ మెత్తగా అద్ది, డాక్టరు చెప్పిన కట్టు వేయండి. హైడ్రోజన్ పెరాక్సైడ్, డెట్టాల్, పసుపు, ఆకు పసర్లు వద్దు. కాలిని వేణ్నీళ్లలో నానబెట్టొద్దు, కాపడం అసలే వద్దు. వేడి తెలియని కాలికి కాపడం పెట్టి బొబ్బలెక్కించుకుని వచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. "గాలి తగిలితే ఆరుతుంది" అని తెరిచి ఉంచడమూ పొరపాటే.

పుండు అంచున గట్టిపడే చర్మాన్ని డాక్టరే చెక్కాలి. ఇంట్లో బ్లేడు పట్టొద్దు, మందుల షాపులో దొరికే ఆనెకాయల ప్లాస్టర్లు అంటించొద్దు. వాటిలోని యాసిడ్ మంచి చర్మాన్నీ తినేస్తుంది.

వారానికోసారి ఒకే రోజున, పక్కన చిన్న స్కేలు పెట్టి ఫోనులో ఫోటో తీయండి. 4 వారాలకు పుండు వైశాల్యం సగానికి తగ్గాలి. తగ్గకపోతే అదే వైద్యం ఇంకో నెల లాగించకుండా మూడు సంగతులు మళ్లీ తేల్చమనండి: బరువు నిజంగా పోయిందా, రక్తం వస్తోందా, ఎముకకు పాకిందా. ఎముక పాడైతే తొలి రెండు మూడు వారాల ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. పైన మూతపడి లోపల సొరంగంలా ఉండిపోయే పుళ్లూ ఉంటాయి, ఫోటో చూసి సంబరపడొద్దు.

4. పథ్యం పేరుతో మాడ్చకండి

పుండున్నప్పుడు పప్పు తింటే చీము పడుతుందని మన దగ్గర గట్టి నమ్మకం. గుడ్డు, వంకాయ, గోంగూర కూడా ఆ పట్టీలో చేరతాయి. చివరికి మిగిలేది చారన్నం, అంటే పిండిపదార్థమే. షుగర్ పెరుగుతుంది, కొత్త కండ కట్టడానికి మాంసకృత్తులు ఉండవు. పప్పు, గుడ్డు, చేప, పెరుగు పెట్టండి. కిడ్నీ జబ్బు ఉంటే ఎంత పెట్టాలో డాక్టరును అడగండి. ఇన్‌ఫెక్షన్ ఉన్నన్నాళ్లు ఇన్సులిన్ రాస్తే భయపడి మానొద్దు, కొందరికి పుండు మానాక తిరిగి బిళ్లలకు మారుస్తారు. చుట్ట, బీడీ, సిగరెట్ ఆపాల్సిందే. ఉన్న కాస్త రక్తాన్నీ అవి ఆపేస్తాయి.

5. ఎప్పుడు తెల్లారేదాకా ఆగకూడదు

పుండు చుట్టూ ఎరుపు 2 సెంటీమీటర్లు దాటి పాకడం, వాపు, కుళ్లు వాసన, చలిజ్వరం, వేలు నల్లబడటం, నొక్కితే చర్మం కింద కరకరలాడటం, కారణం లేకుండా షుగర్ ఒక్కసారిగా ఎక్కిపోవడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లండి. జ్వరం లేదు కాబట్టి ఫరవాలేదు అనుకోవద్దు. షుగర్ వాళ్లలో లోపల చీమున్నా జ్వరం రాకపోవచ్చు.

ఇంకొకటి పుండు లేకుండానే వస్తుంది. ఒక పాదం మాత్రమే వేడిగా, ఎర్రగా, వాచి ఉంటుంది, నొప్పి పెద్దగా ఉండదు. బెణుకనో, యూరిక్ యాసిడ్ అనో మాత్రలు మింగి తిరుగుతుంటారు. అది షార్కో పాదం కావచ్చు. లోపల ఎముకలు మెత్తబడి విరుగుతూ పాదం ఆకారమే మారిపోతుంది. తొలి ఎక్స్‌రే బాగానే ఉండొచ్చు. అనుమానం వచ్చిన రోజే నడక ఆపి చూపించండి.

6. మానిన తర్వాత

మానిన ప్రతి 100 మందిలో దాదాపు 40 మందికి ఏడాదిలోపు మళ్లీ పుండు పడుతుంది. కాబట్టి చెప్పుల్లేకుండా నడక ఇంట్లో కూడా వద్దు. ఇంటికో జత, బయటికో జత పెట్టుకోండి. ఎంసీఆర్ చెప్పులు, అంటే మెత్తని రబ్బరు అట్ట వేసినవి, వెనక పట్టీతో తీసుకోండి. బొటనవేలి సందున వారు దూరే హవాయి రకం వద్దు. వేలు తీసేసినవాళ్లకు ఆ ఖాళీ నింపేలా కుట్టించాలి. కొత్తవి మొదట అరగంట వేసుకుని, విప్పి పాదం మీద ఎర్రని గుర్తులున్నాయేమో చూడండి. ప్రతిసారీ వేసుకునే ముందు దులిపి లోపల చెయ్యి పెట్టి తడమండి. మా పెదనాన్న పొలం నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని చెప్పు లాగితే అది ఊడి రాలేదు. అట్టలోంచి పొడుచుకొచ్చిన మేకు మడమలో దిగి ఉంది. ఆయన మాత్రం బురద పట్టిందనుకుని ఇంకా గట్టిగా లాగుతున్నారు.

ఎండాకాలం గుడి ప్రాకారంలో బండల మీద ప్రదక్షిణలు చేస్తే అరికాలు బొబ్బలెక్కుతుంది. తెల్లవారుజామునే వెళ్లండి. మాల వేసుకునేవాళ్లు ముందే గురుస్వామితో మాట్లాడి చెప్పులు వేసుకోండి. బస్సులో ఇంజను పక్క సీటు ఖాళీగా ఉన్నా కూర్చోవద్దు. పల్లెల్లో నేల మీద పడుకుంటే ఎలుకలు కొరికినా తెలియదు. మంచం, దోమతెర, పడుకునే ముందు కాళ్లు కడుక్కోవడం అందుకే.

రాత్రిపూట అరికాళ్లు అద్దంలో చూసుకోండి, లేదా మనవడిని చూడమనండి. వేళ్ల సందుల్లో తడి తుడవాలి, నూనె రాస్తే సందుల్లో వద్దు. మెట్టెలు బిగుతుగా ఉంటే తీసేయండి. గోళ్లు తిన్నగా కత్తిరించండి.

ఒకసారి పుండు పడ్డ కాలిని 1 నుంచి 3 నెలలకోసారి డాక్టరుకు చూపించాలి. వెళ్లేటప్పుడు రిపోర్టులతో పాటు ఇంట్లో వాడే చెప్పుల జత కూడా సంచిలో పెట్టుకోండి. అట్ట ఎక్కడ ఎక్కువ అరిగిందో చూస్తే బరువు ఎక్కడ పడుతోందో డాక్టరుకు తెలుస్తుంది.